మూడు రకాల గోడలకు ఒకే ప్లాస్టరింగు సరిపోతుందా?

అయ్యా, కింద సున్నంతో కట్టిన పాత ఇటుక గోడ, పైన ఏఏసీ బ్లాకులు (గాలి బుడగలతో తేలిగ్గా ఉండే కాంక్రీటు దిమ్మెలు), నడుమ కాంక్రీటు స్తంభాలు ఉన్న మీ ఇంటికి మేస్త్రీ అంతటా 1:4 (ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు ఇసుక) సిమెంటు ప్లాస్టరింగు చేస్తానంటే ఒప్పుకోకండి.

పాత గోడ పీల్చిన తేమ బయటికి పోవాలి. గట్టి సిమెంటు పూత దానిని లోపలే బంధించి, కొన్నేళ్లకు పెచ్చులుగా ఊడుతుంది. అందుచేత అక్కడ సున్నపు ప్లాస్టరే మేలు, ఖర్చు కొంత ఎక్కువైనా సరే. బ్లాకులను తడిపి ముద్ద చేయకుండా, నీళ్లు కాస్త చిలకరించి 1:6 పాళ్లు వాడించండి. కాంక్రీటుకు గాట్లు కొట్టించాలి.

పగుళ్లు మొదలయ్యేది అతుకుల దగ్గరే కనుక, స్తంభమూ బ్లాకులూ కలిసే చోట ఇరువైపులా 150 మి.మీ. చొప్పున చికెన్ మెష్ (కోళ్ల గూళ్లకు వాడే సన్నని తీగ వల) బిగించి, సున్నమూ సిమెంటూ కలిసే స్లాబు మట్టంలో మాత్రం సన్నని గాడి వదిలించండి.