సమాధానం: ఈఈజీలో పీ300 రాకపోతే ముందు తలనూనె చూడండి

మీరు కావలి స్కూలు పిల్లలకి ఈఈజీతో (తలమీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్తును గీతలుగా చూపేది) ఏకాగ్రత పరీక్ష పెడితే పీ300 (మామూలు శబ్దాల మధ్య అరుదైన శబ్దం వినబడ్డాక దాదాపు 300 మిల్లీసెకన్లకి మెదడులో లేచే అల) రావడం లేదు, గీతలు మందంగా ఉన్నాయి, పైగా మెల్లగా పైకీ కిందకీ ఊగుతున్నాయి అన్నారు. మందం, ఊగడం రెండూ వేరువేరు జబ్బులండీ.

ఆ మందం 50 హెర్ట్జ్ కరెంటు రొద. ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే తీసేసే నాచ్ ఫిల్టర్‌తో దాచిపెట్టొద్దు, ఎలక్ట్రోడ్ చర్మానికి సరిగ్గా అంటడం లేదని అర్థం. మన ఇళ్లలో కొబ్బరినూనె దట్టించి జడేసి పంపుతారు కదా, ఎలక్ట్రోడ్ కింద వేసే జెల్‌కి అదే శత్రువు. పొద్దున్నే షాంపూతో రెండుసార్లు రుద్దుకుని, నూనె, కండిషనర్ లేకుండా, జుట్టు పూర్తిగా ఆరాక రమ్మనండి. పాయ తీసి చర్మం కనబడ్డాకే జెల్ వేయండి. ఇంపెడెన్స్ (ఎలక్ట్రోడ్‌కీ చర్మానికీ మధ్య కరెంటుకి ఉండే అడ్డు) 5 కిలో ఓమ్‌ల లోపుంటే మేలు, 10 దాకా సర్దుకోవచ్చు. జెల్ ఎక్కువైతే పక్క ఎలక్ట్రోడ్‌తో కలిసిపోయి రెండు చానళ్లూ ఒకే గీత గీస్తాయి. అన్ని చానళ్లూ ఒకేసారి పాడైతే మాత్రం అన్నిటికీ ఉమ్మడిగా ఉండే గ్రౌండ్, రిఫరెన్స్ ఎలక్ట్రోడ్లు చూడండి.

ఊగేది చెమట వల్ల. ఎలక్ట్రోడ్ల టోపీ పెట్టకముందే గది చల్లబరచండి. మే నెలలో మన ఎండకి ఫ్యాను చాలదు.

ఇక మీరు పెట్టిన 1 హెర్ట్జ్ హైపాస్ ఫిల్టర్ (అంతకన్నా మెల్లని అలల్ని తీసేసేది) పీ300నే కోసేస్తుంది, 0.1కి దించండి. మొత్తం శబ్దాల్లో అరుదైన శబ్దం 20 శాతమే ఉండాలి, దానికి వచ్చిన గీతల్లో శుభ్రమైనవి కనీసం 30-40 మిగలాలి. సగటు తీశాక పీజెడ్ (నడినెత్తికి కాస్త వెనక ఉండే ఎలక్ట్రోడ్) దగ్గర వెతకండి. పిల్లల్లో అది 300 మిల్లీసెకన్లు దాటి, బాగా ఆలస్యంగా వస్తుంది.