పైథాన్ మీటప్‌లో ఎనుమాముల మిర్చి

హనుమకొండ నుంచి ఎం.ఎస్.కు వచ్చి మూడు నెలలు కూడా నిండని ఒక తమ్ముడు మొన్న ఫోన్ చేసి, తానుండే ఊరి గ్రంథాలయంలో నెలకోసారి జరిగే పైథాన్ మీటప్‌కు (పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో పనిచేసేవారు కలుసుకునే సభ) వెళ్లవచ్చా, వెళ్తే ఏం మాట్లాడాలి, వీసాకు ఏమైనా ఇబ్బందా అని అడిగాడు. వరంగల్, కరీంనగర్ వైపు నుంచి అమెరికా వచ్చే పిల్లలు ఏటా అడిగే ప్రశ్నే కనుక కొంచెం వివరంగా చెబుతాను.

ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారు ఇలాంటి సభకు వెళ్లి వినడానికీ, ప్రతిఫలం లేకుండా ఐదు నిమిషాలు మాట్లాడడానికీ అడ్డేమీ లేదు. డబ్బు తీసుకొని పాఠాలు చెప్పడం, ఎవరికో వెబ్‌సైట్ కట్టిపెట్టడం ఉద్యోగం కిందికే వస్తాయి. అనుమతి లేకుండా వాటి జోలికి పోకూడదు.

సభలో మొదట పిజ్జా ఉంటుంది (శాకాహారులు పెందలాడే వెళ్లాలి, చీజ్ పిజ్జా పెట్టెలే ముందు ఖాళీ అవుతాయి), ఆ తర్వాత ఒకటి రెండు ప్రసంగాలు, చివర లైట్నింగ్ టాక్స్ అనే ఐదేసి నిమిషాల ముచ్చట్లు. వచ్చేవారిలో సగం మంది జాంగో, ఫ్లాస్క్ అనే పైథాన్ పనిముట్లతో వెబ్‌సైట్లు కట్టేవారు, సగం మంది పాండాస్ అనే మరో పైథాన్ పనిముట్టుతో పట్టికల లెక్కలు తీసేవారు. 2005లో బయటికి వచ్చిన జాంగో కాన్సస్‌లోని ఒక దినపత్రిక కార్యాలయంలో పుట్టింది. పాండాస్ 2008లో ఒక పెట్టుబడుల సంస్థలో మొదలైంది. రెండూ ఎవరో తమ రోజువారీ పని గడవక చేసుకున్నవే. అందుకే అక్కడ ఎవరైనా "ఏం చేస్తున్నారు?" అని అడిగితే, మీ చేతిలో ఉన్న పని గురించి అడుగుతున్నారని అర్థం, దానికి మనవాళ్లు సర్టిఫికెట్ల జాబితా చదువుతారు.

నేను మొదటిసారి మాట్లాడింది 2016లో. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు రోజూ ఎన్ని బస్తాల మిర్చి వచ్చింది, క్వింటాలు ఏ ధర పలికింది అనే పట్టిక తీసుకొని గ్రాఫ్ గీశాను. తేదీలు మన పద్ధతిలో రోజు ముందు, నెల తర్వాత ఉన్నాయి. పాండాస్ వాటిని అమెరికా పద్ధతిలో నెల ముందుగా చదివింది. పన్నెండు దాటిన అంకె నెల కాలేదు కనుక ఆ తేదీలను మాత్రం సరిగ్గానే చదివి, చప్పుడు చేయక ఊరుకుంది. దాంతో జనవరి నుంచి ఏప్రిల్ దాకా ప్రతి తొమ్మిదో తేదీ సరుకూ పోయి సెప్టెంబరు మొదటి నాలుగు రోజుల్లో కుప్పపడింది. ముందు వరుసలో కూర్చున్న ఒక నెరిసిన జుట్టు పెద్దమనిషి "మీ దగ్గర సెప్టెంబరులో కూడా మిర్చి కోతలుంటాయా?" అని మర్యాదగా అడిగాడు. కల్లాల మధ్య పెరిగిన నాకు ఆ అనుమానం రానందుకు చెవులు ఎర్రబడ్డాయి. రోజే ముందు అని చెప్పే డేఫస్ట్ అనే ఒక్క మాట కోడ్‌లో చేర్చితే తీరిపోయే తప్పు అది. 2023లో వచ్చిన పాండాస్ రెండో వెర్షన్ మొదటి తేదీలో కనిపించిన వరుసనే అన్నింటికీ పట్టుకొని, కుదరకపోతే లోపం చూపిస్తుంది కనుక ఇప్పుడు అంత మౌనంగా మోసపోము. ఆ పెద్దమనిషే తర్వాత ఏడాది పాటు నా కోడ్ చూసిపెట్టాడు.

మొదటి రోజే రిఫరల్ (తమ కంపెనీలో ఉద్యోగానికి మన పేరు సిఫారసు చేయడం) అడగకండి. తెలుగువాళ్లం నలుగురం కనిపిస్తే వెనక వరుసలో చేరి మన మాటల్లో పడిపోతాం, అది వదులుకోవాలి. చదువయ్యాక ఓపీటీలో (చదివిన రంగంలో పని చేసుకోవడానికి ఇచ్చే తాత్కాలిక అనుమతి) ఉద్యోగం లేకుండా ఉండడానికి ఇచ్చేది మొత్తం 90 రోజులే. ముఖ పరిచయం గట్టిపడడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది కనుక మొదటి సెమిస్టరులోనే వెళ్లడం మొదలుపెట్టాలి.

తన దగ్గర చూపించడానికి ఏమీ లేదని తమ్ముడు బాధపడ్డాడు. మాటల్లో వాళ్ల నాన్నకు కాజీపేటలో కిరాణా దుకాణం ఉందనీ, ఉద్దెర పుస్తకాలు పదేళ్లవి అటక మీద ఉన్నాయనీ తేలింది. ఒక ఏడాది పుస్తకం పేజీలు ఫోటో తీసి పంపమని ఇంటికి చెప్పమన్నాను; ఉద్దెర తీసుకున్నవారి పేర్లు వదిలేసి, తేదీలు, మొత్తాలు మాత్రమే కంప్యూటర్‌లోకి ఎక్కించమన్నాను.