ల్యాబ్రడార్‌ను పొలాల వైపు తీసుకెళ్లి వదలొచ్చా? వదిలి చూసినవాడి జవాబు

మణికొండలో ఫ్లాట్, ఎనిమిది నెలల ల్యాబ్రడార్, ఆదివారం పొద్దున్నే చేవెళ్ల వైపు తీసుకెళ్లి లీష్ విప్పి వదిలితే హాయిగా పరిగెడుతుందా అని అడిగారు. పరిగెడుతుంది. హాయి మాత్రం దానికే.

మా ఇంట్లో రెండున్నాయి. ఆరేళ్ల ల్యాబ్, పేరు రాజు. నాలుగేళ్ల కాకర్ స్పానియల్, పేరు లడ్డు. ఐదేళ్లుగా వీలైన ప్రతి ఆదివారం అప్పా జంక్షన్ దాటి, మొయినాబాద్ మీదుగా, ఆ మర్రిచెట్ల రోడ్డున పోయి ఒక ఊరి చెరువు కట్ట దగ్గర కారు ఆపుతాం. ఊరి పేరు రాయను. ఎందుకో చదివితే మీకే అర్థమవుతుంది.

ముందు వీటి కులవృత్తి తెలుసుకోండి. ఇవి తుపాకీ వేట కోసం తయారుచేసిన జాతులు. పొదల్లో దూరి పిట్టను లేపడం స్పానియల్ పని. పడిన పిట్టను పంటి గాటు పడకుండా నోట కరుచుకుని తెచ్చి యజమాని చేతిలో పెట్టడం ల్యాబ్ పని. దాని పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో జాలర్లతో కలిసి పనిచేసేవి. అందుకే నీళ్లంటే ఆ పిచ్చి. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 1903లో ల్యాబ్రడార్‌ను ప్రత్యేక జాతిగా గుర్తించింది. మన దగ్గరేమో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధం. అంటే ఇవి చదువు పూర్తయి ఉద్యోగం దొరకని కుర్రాళ్లలాంటివి. మనం పని చెప్పకపోతే తామే ఏదో ఒకటి వెతుక్కుంటాయి.

రాజు వెతుక్కున్న పని సీసాలు తేవడం. తప్పు మాదే. చిన్నప్పుడు ఖాళీ కూల్‌డ్రింక్ సీసా విసిరితే తెచ్చేవాడు, మేం చప్పట్లు కొట్టి బిస్కెట్ పెట్టేవాళ్లం. మా అమ్మ కోసం మాటలన్నీ తెలుగులోనే నేర్పాం: రా, కూర్చో, వదిలెయ్.

ఒక డిసెంబర్ పొద్దున, కట్ట మీద ఇంకా మంచు కమ్మి ఉంది. రాజు తుమ్మ పొదల వెనక్కి పోయి, నోట్లో రెండు లీటర్ల సీసాతో తోక ఊపుకుంటూ వచ్చాడు. సీసాలో సగానికి పైగా నీళ్లున్నాయి. వెనకాలే పొదల్లోంచి కేక: "ఏయ్! ఏయ్! నా సీసా!" కేక వస్తోంది గానీ మనిషి లేవడం లేదు. ఎందుకు లేవడం లేదో నాకు తట్టడానికి కాస్త టైం పట్టింది.

నేను ముందుకు రెండడుగులు వేస్తే రాజు వెనక్కి నాలుగడుగులు. వాడికి అది ఆట. నాకు చెమటలు. గొంతు చించుకుని అరిచాను: "రాజూ! కూర్చో! కదలకు! అక్కడే కూర్చో!"

పొదల వెనక నుంచి దీనంగా జవాబు వచ్చింది: "కూసునే ఉన్న గద సారూ!"

ఆయన పేరూ రాజే.

మొత్తానికి బిస్కెట్ చూపించి సీసా లాక్కున్నాను. మూత వదులుగా ఉందేమో, అప్పటికి నాలుగు గుక్కలు మిగిలాయి. కారులో ఉన్న మా మంచినీళ్లు అందులో నింపి, మొహం చెరువు వైపు పెట్టుకుని, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పొదల దాకా వెళ్లాను. "ఇంకొంచెం ఇటు సారూ... ఆఁ... ముండ్లున్నయ్, పైలం... ఆడ పెట్టుండ్రి" అని ఆయనే దారి చెప్పాడు. గంట తర్వాత ఊరి హోటల్లో ఛాయ్ తాగుతుంటే ఆయనే వచ్చి పక్కన కూర్చున్నాడు. ఛాయ్ పైసలూ ఆయనే ఇచ్చాడు. కాకపోతే హోటల్లో ఉన్న అందరికీ "గీ కుక్కనే" అని చూపించి మొదటి నుంచి చెప్పాడు. అప్పటి నుంచి ఆ ఊళ్లో నా పేరు సీసా సారు.

సీసా అయితే ప్రాణం లేని వస్తువు. మరుసటి వానాకాలం నాటుకోడిని తెచ్చాడు. మెత్తటి నోరు అంటారే, అది నిజమేనని అప్పుడు కళ్లారా చూశాను. ఒక్క ఈక చెదరలేదు, కోడి మెడ అటూ ఇటూ తిప్పి ఊరంతా చూస్తోంది. తెచ్చి నా చేతిలో పెట్టాడు, నేను అలవాటు కొద్దీ పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే కోడి తాలూకు అవ్వ వచ్చింది. ఆమెకు కనిపించిందేమిటి? కోడి నా చంకలో ఉంది. కుక్క ఏమీ ఎరగనట్టు పక్కన కూర్చుని ఉంది.

"పట్నం నుంచి కారేసుకొని కోళ్లు ఎత్తుకపోనీకొచ్చినవా బిడ్డా?"

కుక్క తెచ్చిందంటే నమ్మలేదు. "మరి రక్తమేది? ఈకలేవి?" అంది. ఆ ప్రశ్నకు బ్రిటిష్ వేట కుక్కల చరిత్రంతా చెప్పాలి, చెప్పలేకపోయాను. బెదిరిన కోడి నెల రోజులు గుడ్లు పెట్టదని 600 రూపాయలు అడిగింది, ఇచ్చాను. కోడి నాదే కదా అనుకుని కారు వైపు కదిలితే ఆపింది. "కోడి నీకెందుకు? పైసలు గుడ్లకు." ఆ కోడి మొన్నటి దాకా వాకిట్లో తిరుగుతూ కనిపించేది.

కార్తీక మాసంలో మాత్రం మామిడితోటల వైపు అస్సలు వదలకండి. సిటీ వాళ్లంతా వనభోజనాలకు అక్కడే ఉంటారు. రాజు ఒకసారి ఉసిరిచెట్టు కింద పరిచిన విస్తళ్ల మధ్యకు దూరి, చక్కెర పొంగలి గిన్నెలో మూతి పెట్టేశాడు. క్షమాపణ చెబుతూ, ల్యాబ్‌లలో నాలుగింట ఒకదానికి ఆకలి తీరినట్టు తెలియనివ్వని జన్యులోపం ఉంటుందట, 2016లో కేంబ్రిడ్జ్ వాళ్లు కనిపెట్టారండీ అన్నాను. పంచె కట్టుకున్న ఒక పెద్దాయన చేతిలో గరిటె దించకుండా, "జన్యువు కాదు నాయనా, పెంపకం" అన్నాడు. మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట నా మీద వాడుతుంటుంది. అయితే అసలు టెన్షన్ ఆ తర్వాత. పొంగలిలో కిస్‌మిస్‌లున్నాయి, అవి కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయి. అటు నుంచి అటే డాక్టర్ దగ్గరికి పరుగెత్తి వాంతి చేయించాం. మీ కుక్క ఎక్కడైనా కిస్‌మిస్‌గానీ ద్రాక్షగానీ తింటే, చూద్దాంలే అని ఆగకండి.

లడ్డు గురించి ఎక్కువ చెప్పను. పొద కనిపిస్తే దూరుతుంది, లోపల ఏముంటే అది లేస్తుంది. ఒకసారి ఆరు నెమళ్లు లేచాయి. నెమలికి చట్టంలో అన్నిటికన్నా గట్టి రక్షణ ఉంది. వాటి అరుపు వినిపించిందంటే లీష్ తగిలించేయండి. చిలుకూరు మృగవని నేషనల్ పార్క్ వైపైతే కుక్కతో పోనే పోకండి. ఇక ఆదివారం సాయంత్రమంతా లడ్డు చెవుల్లోంచి పల్లేరుకాయలు, ఉత్తరేణి గింజలు ఏరడమే పని. కొబ్బరినూనె రాసి పెద్ద పళ్ల దువ్వెనతో దువ్వితే వస్తాయి. నేను ఓపిక పట్టలేక ఒకసారి కత్తెర వాడాను. నెల రోజులు ఒక చెవికి జడ, ఇంకో చెవికి బాబ్‌కట్.

నవ్వుకునేవి ఇవి. నవ్వులాట కానివి కొన్ని ఉన్నాయి. అడవిపందుల కోసం కొందరు చేల చుట్టూ కరెంటు తీగ కడతారు. కొత్త చోట ముందు రైతును అడిగి తర్వాతే కుక్కను కారు దించండి. పత్తి చేల గట్ల మీద మందు కలిపిన డ్రమ్ములుంటాయి, ల్యాబ్ ఏ నీళ్లైనా తాగుతుంది. వానాకాలంలో మోకాలెత్తు గడ్డిలోకి వదలొద్దు, రక్తపింజర ఉంటుంది. ఎండాకాలం ఎనిమిదింటికల్లా తిరిగి కారెక్కాలి, వాటిది రెండు పొరల బొచ్చు. ఇంటికొచ్చాక చెవుల్లో, కాలివేళ్ల మధ్య పిడుదులు వెతకండి. టిక్ ఫీవర్ ఒకసారి రాజుకు వచ్చింది, పది రోజులు అన్నం ముట్టలేదు. అన్నం ముట్టని ల్యాబ్‌ను చూడటం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు.

మీది ఎనిమిది నెలలదే కాబట్టి ఇప్పుడే లీష్ విప్పకండి. ఆ వయసులో పిలిస్తే వినపడనట్టే ఉంటాయి. పశువులను కట్టే నైలాన్ తాడు ఓ ముప్పై అడుగులు కొని, హార్నెస్‌కు కట్టి వదలండి. పరిగెత్తినట్టూ ఉంటుంది, మీ చేతిలో ఉన్నట్టూ ఉంటుంది. నేను ఈ పని మొదట చేసి ఉంటే 600 మిగిలేవి.

సీసాతో మాత్రం ఆట నేర్పకండి. టెన్నిస్ బంతి వాడండి (పిల్లలు క్రికెట్ ఆడే గ్రౌండ్‌కు తీసుకెళ్తే అది మళ్లీ వేరే గొడవ). ఇప్పటికే సీసాతో నేర్పేసి ఉంటే, కారులో నిండు సీసా ఒకటి ఎప్పుడూ ఎక్కువ పెట్టుకోండి.