పాత మారుతి 800కి చిక్కటి ఆయిల్ పోయొచ్చా?

మీ 2002 మారుతి 800 లక్షా ముప్పై వేలు తిరిగింది, ఆయిల్ తాగుతోంది, మెకానిక్ 20డబ్ల్యూ-50 పొయ్యమంటున్నాడు, మీ అబ్బాయేమో 5డబ్ల్యూ-30 సింథటిక్ మంచిదంటున్నాడు. ఈ రెండూ ఇప్పుడే వద్దండి. బండితో వచ్చిన పుస్తకంలో ఉన్న గ్రేడే పోస్తూ, ఆయిల్ ఎటు పోతోందో ముందు తేల్చండి. ఇదే విషయంలో నేను ఏడాదికి పైగా పొరపాటు దారిలో నడిచాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది పల్నాడు. మా నాన్నగారి 800 కూడా మీ బండి వయసుదే. పుస్తకంలో 20డబ్ల్యూ-40 అని ఉంది, ఆయన ఎప్పుడూ అదే పోయించేవారు. బండి నా చేతికి వచ్చాక వెయ్యి కిలోమీటర్లకు అరలీటరు పైనే తగ్గడం మొదలైంది. ఊళ్లో ఒక గ్యారేజీలో చూపిస్తే, "పిస్టన్ రింగులు అరిగాయి సార్, మన ఎండలకు 50 పోస్తే సరిపోతుంది" అన్నారు. పోయించాను. మొదట్లో పొగ తగ్గింది, చాలా సంతోషించాను. రెండు నెలలు తిరక్కుండానే ఆయిల్ మళ్లీ తగ్గసాగింది. పైగా పొద్దున స్టార్ట్ చేయగానే టాపెట్ల చప్పుడు మునుపటికంటే ఎక్కువసేపు వినిపించేది. చిక్కటి ఆయిల్ ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపు నుంచి, పైన వాల్వుల్ని కదిలించే క్యామ్ షాఫ్ట్ దాకా చేరడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఆ కొద్ది క్షణాలూ ఇనుము మీద ఇనుము పొడిగా తిరుగుతున్నట్టే.

ఆ అంకెల సంగతి తెలిస్తే మీకే స్పష్టత వస్తుంది. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెబుతుంది. 20డబ్ల్యూ ఆయిల్‌తో ఇంజన్ తిరుగుతుందా లేదా అన్నది మైనస్ 15 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. మన లంబసింగిలో కూడా అంత చలి ఉండదు కదా, కాబట్టి ఆ అంకె గురించి మనకు టెన్షన్ అక్కర్లేదు. వెనకున్న అంకె 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. ఆ వేడి దగ్గర 30 గ్రేడు 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల (చిక్కదనానికి కొలత) లోపు ఉంటుంది. 40 అయితే 12.5 నుంచి 16.3 లోపు, 50 అయితే 16.3 నుంచి 21.9 లోపు. మీ అబ్బాయి చెప్పిన దానిలో ఇబ్బంది సింథటిక్ కావడం కాదు, 30 కావడం. అరిగిన ఇంజన్‌కు వేడిలో ఇంకా పల్చనైపోతుంది. సింథటిక్కే కావాలంటే వెనక 40 ఉన్నది దొరుకుతుంది.

"మన ఎండలు" అన్న మాట నేనూ నమ్మాను. రెంటచింతల పక్కన పెరిగినవాణ్ణి, నమ్మక ఏం చేస్తాను? కానీ కారు ఇంజన్ నీళ్లతో చల్లబడుతుంది. బయట 30 ఉన్నా 45 ఉన్నా, రేడియేటర్, ఫ్యాను సరిగ్గా ఉంటే లోపలి వేడిని థర్మోస్టాట్ దాదాపు ఒకే చోట నిలుపుతుంది. గాలితో చల్లబడే బైకు సంగతి వేరు. (అన్నట్టు, మిగిలిన కారు ఆయిల్ బైకులో పొయ్యకండి. చాలా బైకుల్లో క్లచ్ ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, జారుతుంది. వాటికి డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్నదే పోయాలి.)

చివరికి గుంటూరులో ఒక పెద్దాయన నన్ను అడిగింది ఒక్కటే: "పొగ ఎప్పుడొస్తోంది బాబూ?" రాత్రంతా ఆగి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు గుప్పుమని నీలం పొగ, తర్వాత ఏమీ లేదు. అదీ కాక, ఘాట్ దిగి మళ్లీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వస్తోంది. అయితే అది రింగులు కాదు, వాల్వ్ సీల్స్ (పైనున్న ఆయిల్ వాల్వుల పక్క నుంచి సిలిండర్‌లోకి జారకుండా ఆపే రబ్బరు ముక్కలు) అన్నారాయన. కంప్రెషన్, అంటే సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడితో నొక్కగలుగుతోందో, చూస్తే మూడు సిలిండర్లూ ఇంచుమించు సమానంగా వచ్చాయి. హెడ్ దించి చూస్తే సీల్స్ రబ్బరు గట్టిపడి పెళుసైపోయి ఉంది. కొత్తవి వేసి, మళ్లీ 20డబ్ల్యూ-40 పోశాం. ఇప్పుడు ఆయిల్ మార్పిడికీ మార్పిడికీ మధ్య పావు లీటరు కూడా పోయాల్సి రావట్లేదు. ముందు చెప్పినవాళ్ల మాట విని ఇంజన్ బోరింగుకు ఇచ్చి ఉంటే ఎంత ఖర్చయ్యేదో!

మీరు చేయాల్సింది ఇది. రాత్రి బండి కింద అట్ట పరిచి, పొద్దున చుక్కలు పడ్డాయేమో చూడండి. టాపెట్ కవర్ ప్యాకింగ్, క్రాంక్ సీల్, ఫిల్టర్ దగ్గర తడి ఉందేమో కూడా చూడండి. బయట లీకు లేకపోతే పొగ గమనించండి. బండి లాగుతున్నంతసేపూ నీలం పొగ వస్తుంటే రింగుల మీద అనుమానపడాలి. అప్పుడు కంప్రెషన్ చూపించండి. రీడింగు తక్కువ వచ్చిన సిలిండర్‌లో ప్లగ్గు రంధ్రం గుండా చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవమనండి. రీడింగు బాగా పెరిగితే రింగులే.

50 గ్రేడు ఎప్పుడూ వద్దని నేననను. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిలింగ్‌లో ఆయిల్ లైటు మినుకుమినుకుమంటూ, సెన్సర్ మంచిదే అయి, గేజీ పెట్టి కొలిచినా ప్రెషర్ తక్కువే వస్తే, బేరింగుల్లో సందు పెరిగినట్టు. ఇంజన్ పని చేయించేదాకా 20డబ్ల్యూ-50తో నడపొచ్చు. మీరు లైటు ఊసు ఎత్తలేదు కాబట్టి మీ బండికి ఆ అవసరం ఇంకా రాలేదనుకుంటున్నాను.