యాసంగి నారు మొలవకపోతే తప్పు విత్తనానిదా, చలిదా?

డిసెంబర్ చివర్లో అలికిన వరి తొమ్మిది రోజులైనా సరిగా లేవలేదని, లేచిన చోట పసుపు తిరిగిందని, విత్తనం నకిలీదేమో, యూరియా చల్లాలా అని అడిగారు. ఇది చలి పనిలాగే ఉంది. తేల్చుకోవడం సులువే అన్నా. సంచిలో గింజలు మిగిలి ఉంటే వంద లెక్కపెట్టి, ఒక రోజు నానబెట్టి, తడి గుడ్డలో చుట్టి వంటింట్లో పొయ్యికి కాస్త దూరంగా పెట్టండి. గుడ్డ ఆరనివ్వద్దు. సర్టిఫైడ్ వరి విత్తనంలో కనీసం 80 శాతం మొలవాలి. అక్కడ మొలిచి మడిలో మొలవలేదంటే డీలర్‌తో కొట్లాట అక్కర్లేదు.

వరి గింజ 30 డిగ్రీల దగ్గర రెండు రోజుల్లో ముక్కు పగులుతుంది. 15కు దిగితే వారం పట్టొచ్చు, 10 దగ్గర దాదాపు ఆగిపోతుంది. మాది జగిత్యాల వైపు. చలి రోజుల్లో తెల్లవారుజామున మడి నీళ్లలో కాలు పెడితే జివ్వుమంటుంది. గింజకూ అంతే కదా.

అందుకే అసలు పని మండె కట్టడంలోనే, అంటే నానిన వడ్లను మొలకెత్తేదాకా వెచ్చగా కప్పి ఉంచడంలోనే ఉంది. వానాకాలంలో 24 గంటలు సరిపోతే, చలికాలంలో 36 నుంచి 48 గంటలు ఉంచాల్సి వస్తుంది. నానిన వడ్లు గోనె సంచిలో పోసి, కింద గడ్డి, పైన గడ్డి వేసి, గోరువెచ్చని నీళ్లు చిలకరిస్తాం. మొలక మొదలయ్యాక గింజలే వేడిని పుట్టిస్తాయి. సంచి మధ్యలోకి చెయ్యి దూర్చితే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. చురుక్కుమంటే కలియతిప్పి నీళ్లు చల్లాలి.

ఒక ఏడాది నేను తొందరపడి పొగలు కక్కే నీళ్లే పోశాను. మర్నాడు సంచి విప్పితే ఉప్పుడు బియ్యం వాసన! బాపు ఒక్క మాటా అనలేదు, గంప తెచ్చి గేదెల ముందు పోశాడు. 25 కిలోలు, ఎకరం విత్తనం.

మీ మడి సంగతికి వస్తే, పొద్దున్నే చల్లబడిన నీళ్లు తీసేసి కొత్త నీళ్లు పెట్టండి. బోరు ఉంటే అదృష్టమే, చలికాలం పొద్దున బోరు నీళ్లు చెరువు నీళ్లకన్నా వెచ్చగా ఉంటాయి. సాయంత్రం కర్రలు వంచి పాలిథిన్ పట్టా కప్పండి, ఎండ రాగానే తీసేయండి. తీయడం మరిచిపోతే మధ్యాహ్నానికి నారు ఉడుకుతుంది. యూరియా ఇప్పుడొద్దు, చలికి వేరు సరిగా తీసుకోదు. ఆకుల మీద తుప్పు మచ్చలు కనబడితే మాత్రం జింక్ లోపం కావొచ్చు, లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి కొట్టండి.

మళ్లీ నారు పోయాలా అన్నది మూడు నాలుగు రోజులు పట్టా కప్పి చూశాకే తేల్చుకోండి. ఆలస్యంగా పోస్తే ఏప్రిల్ చివర్లో పూతకొస్తుంది. పూత విచ్చుకునే వేళ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని తాలు పెరుగుతుంది. తప్పదనుకుంటే 120 రోజుల్లోపు వచ్చే రకమే తీసుకోండి.

గుడ్డలో వందకు ఎన్ని మొలిచాయో, మీ మడికి బోరు నీళ్లా చెరువు నీళ్లా, ఇక్కడే రాయండి.