స్లో అయిన హార్డ్‌డిస్క్‌ను డీఫ్రాగ్ చేసే ముందు దాని ఆరోగ్యం చూడండి

ఐదేళ్ల పాత ల్యాప్‌టాప్, 1 టీబీ హార్డ్‌డిస్క్, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడూ 100 శాతమే, డీఫ్రాగ్ చేస్తే, అంటే ముక్కలై చెల్లాచెదురైన ఫైళ్లను ఒకచోట చేరిస్తే, బాగుపడుతుందా అని అడిగారు. చేయొచ్చు, కానీ ఇవాళే చేయకండి. ముందు ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఈ విషయంలో నేను గట్టి దెబ్బ తిన్నాను.

హన్మకొండలో ఒక ఫొటో స్టూడియోలో వీడియో మిక్సింగ్ చేస్తాను. 2024 మేడారం జాతరలో పరకాల కుటుంబం ఒకటి పిలిస్తే వెళ్లి వీడియో తీశాం. మనవడిని తక్కెడలో కూర్చోబెట్టి ఎత్తు బంగారం (బెల్లం) తూస్తుంటే వాళ్ల బాపమ్మ కళ్ల నీళ్లు పెట్టుకుంది. ఆ క్లిప్పులు సిస్టమ్‌లోని పాత హార్డ్‌డిస్క్‌లో వేసి, కెమెరా కార్డు ఫార్మాట్ చేసి ఇంకో ఆర్డర్‌కు వాడేశాను. డిస్క్ అప్పటికే బాగా స్లో. ఫైళ్లు ముక్కలై ఉంటాయనుకుని రాత్రి డీఫ్రాగ్ పెట్టి ఇంటికెళ్లాను. పొద్దున వచ్చి చూస్తే లోపల టిక్ టిక్‌మని చప్పుడు, డీ డ్రైవ్ తెరుచుకోలేదు. రికవరీకి ఇస్తే సగం క్లిప్పులు దొరికాయి. తూకం వీడియో మాత్రం రాలేదు. ఆ సంగతి బాపమ్మకు చెప్పడానికి రెండు రోజులు నాకు నోరు రాలేదు.

తర్వాత అర్థమైంది ఏమిటంటే, హార్డ్‌డిస్క్ నెమ్మదించడానికి రెండు కారణాలుంటాయి, బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటిది, ఫైళ్లు ముక్కలవడం. నిమిషానికి 5400 చుట్లు తిరిగే (5400 ఆర్‌పీఎం) డిస్క్‌లో పళ్లెం ఒక చుట్టు తిరగడానికి దాదాపు 11 మిల్లీసెకన్లు పడుతుంది. ఫైలు పది చోట్ల ముక్కలై ఉంటే డేటా చదివే హెడ్ పదిసార్లు జరగాలి, ప్రతిసారీ ఆ చోటు తిరిగి తన కిందికి వచ్చేదాకా ఆగాలి. దీనికి డీఫ్రాగ్ మంచి మందే. రెండోది, సెక్టార్లు, అంటే డేటా రాసే చిన్న చిన్న గదులు, చెడిపోవడం. అప్పుడు డిస్క్ ఒకే చోటును మళ్లీ మళ్లీ చదవడానికి తంటాలు పడుతుంది. అలాంటి డిస్క్‌తో గంటల తరబడి చదివించి, మళ్లీ రాయిస్తే ఉన్న ప్రాణం కూడా పోతుంది.

అందుకే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని చూడండి. రీఅలొకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్స్ అనే రెండు వరుసల్లో చివరి విలువ సున్నా ఉండాలి. లేకపోతే డీఫ్రాగ్ మాట మరిచిపోయి డిస్క్ మార్చేయండి. సున్నా ఉంటే, డ్రైవ్‌లో కనీసం 15 శాతం ఖాళీ చేసి విండోస్‌లో ఉన్న ఆప్టిమైజ్ డ్రైవ్స్‌నే వాడండి.

నన్నడిగితే మాత్రం హార్డ్‌డిస్క్ తీసేసి, చిప్పుల్లో డేటా దాచే 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ వేయించుకోండి. అదే చోట సరిపోతుంది. తిరిగే భాగమే లేదు కాబట్టి ముక్కల బాధ దాదాపు ఉండదు. దానికి బయటి డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్లు వాడొద్దు, ఊరికే రాతలు పెరిగి అరుగుతుంది. ఆప్టిమైజ్ నొక్కితే విండోసే ఎస్ఎస్‌డీ అని గుర్తించి ట్రిమ్ పంపుతుంది, అంటే డిలీట్ చేసిన చోట్లు ఏవో డ్రైవ్‌కు చెబుతుంది. వారానికోసారి అదే చేసుకునేలా షెడ్యూల్ ఉంటుంది, దాన్ని ఆపకండి.

కాపీ అయ్యాక ఆ రెండు వరుసల్లో ఏ నంబర్లు ఉన్నాయో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.