జలమానవుల నవల రాస్తున్న యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల తొలి మూడు అధ్యాయాలూ చదివాను. వాక్యం హాయిగా సాగుతోంది. అయితే నీ జలమానవులకు తోకలూ మొప్పలూ ఉన్నాయే గాని, వాళ్ళ బతుకులో నీళ్ళు లేవు. రెండువందల అడుగుల లోతున రాణిగారు ఎర్రపట్టుచీర కట్టి, దీపాల వెలుగులో కొలువు తీరింది. వంటశాలలో పులుసు మరుగుతోంది. నిప్పు రాజుకోని చోట వంట ఉండదు, కుండ కాలదు, ఇనుము కరగదు. ఎరుపు రంగునైతే మొదటి ముప్పై నలభై అడుగుల్లోనే నీరు మింగేస్తుంది. సొరచేప కరిచిన కుర్రవాడికి "ఎర్రని నెత్తురు చిమ్మింది" అన్నావు. ఆ లోతులో అది నల్లపచ్చగా కనిపిస్తుంది. ఆ ఒక్క రంగు మార్చి చూడు, ఘట్టానికి కొత్త భయం వస్తుంది.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది ఊపిరి సంగతి. లీటరు గాలిలో సుమారు 210 మిల్లీలీటర్ల ప్రాణవాయువు ఉంటే, బంగాళాఖాతపు వెచ్చని పైనీటిలో లీటరుకు 5 మిల్లీలీటర్లు కూడా ఉండదు. మనిషంత మెదడూ వెచ్చని నెత్తురూ ఉన్న ప్రాణి మొప్పలతో నెగ్గుకురావాలంటే ఎంత నీటిని వడకట్టాలో ఊహించు. డాల్ఫిన్లలా పైకి వచ్చి గాలి పీల్చేవాళ్ళయితే వాళ్ళ నిద్ర, కాన్పు, చావు అన్నీ నీటిమట్టం చుట్టూ తిరుగుతాయి. ఇండోనేషియా బజావు మునకగాళ్ళ ప్లీహం (మునిగినప్పుడు ప్రాణవాయువు మోసే రక్తకణాలను అదనంగా విడిచే అవయవం) పొరుగువాళ్ళ ప్లీహం కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుందని 2018లో తేలింది కనుక, మనిషి శరీరం ఆ దారిన కొంత నడిచిందనే చెప్పాలి. (నాకు ఈ దారే ఇష్టం, కానీ నవల నీది.)

మొప్పలే కావాలంటే, కథాస్థలం బంగాళాఖాతం కాబట్టి అక్కడి నిజాన్నే వాడుకో. సుమారు 100 నుంచి 400 మీటర్ల లోతు మధ్య ప్రాణవాయువు దాదాపు లేని నీటిపొర ఉంది. మొప్పల జాతికి అదే ఎడారి, అదే పొలిమేర. దానికి పైనొక జనం, కిందొక జనం ఉండి, పిల్లనిచ్చి పుచ్చుకోవాలన్నా ఆ పొరను ఊపిరి బిగబట్టి దాటవలసి వస్తే, నీ రాజుల యుద్ధం వెలవెలబోతుంది.

ఇక మాట. నీటిలో శబ్దం సెకనుకు 1500 మీటర్ల వేగంతో పోతుంది. రెండు చెవులనూ దాదాపు ఒకేసారి చేరుతుంది కనుక, మన చెవుల వంటి చెవులకు అది ఎటు నుంచి వచ్చిందో సరిగా తెలియదు. తల్లి పిలుపు వినబడినా బిడ్డ ఎటు ఈదాలి?

మూడో అధ్యాయంలో పెళ్ళికి అక్షింతలు చల్లించావు. బియ్యం ఎక్కడివన్న ప్రశ్న అటుంచి, అవి తలమీదికి దిగేదాకా పురోహితుడు ఏం చేస్తాడో ఆలోచించి, ఆ తంతు తిరగరాసి పంపు.